ఖాళీ ఇంటి ఖరీదు

హైదరాబాద్‌లో ఒక ఇల్లు అద్దెకు కుదిర్చినందుకు బ్రోకర్ తీసుకునే కమీషన్ సాధారణంగా పదిహేను రోజుల అద్దె నుంచి నెల అద్దె దాకా ఉంటుంది. ఒక్కోచోట అద్దెకు వచ్చేవారు ఇస్తారు, ఒక్కోచోట ఇంటివారు ఇస్తారు, ఇద్దరి దగ్గరా తీసుకోవడం కూడా ఉంది. ఈ లెక్కను ఏ చట్టమూ తేల్చలేదు. 2016లో వచ్చిన రెరా చట్టం స్థలాలు, ఫ్లాట్ల అమ్మకాలు కుదిర్చే ఏజెంట్లను రిజిస్టర్ చేయించుకోమంది గానీ, అద్దె ఇళ్లు కుదిర్చేవారి జోలికి రాలేదు. అందువల్ల అద్దె బ్రోకర్‌కి లైసెన్సు అక్కర్లేదు, కమీషన్‌కి హద్దు లేదు. కుదిర్చిన మూడో నెలకే వచ్చినవారు అద్దె ఆపేస్తే బ్రోకర్ బాధ్యత ఎంత అని చెప్పే నిబంధన కూడా లేదు. విజయవాడ పటమటలోనైనా, విశాఖ ఎంవీపీ కాలనీలోనైనా పరిస్థితి ఇదే. వాడుకే చట్టంగా నడుస్తోంది. ఆ వాడుక కూడా ఏ వీధికి ఆ వీధిది.

ఇంత సొమ్ము చేతులు మారుతున్నప్పుడు ఇంటి యజమానికి దక్కుతున్నదేమిటని అడగాలి. బ్రోకర్ చేసే పనిని విడదీసి చూస్తే అందులో నాలుగు పనులున్నాయి. ఇల్లు ఖాళీగా ఉందని నలుగురికీ తెలియజేయడం, వచ్చినవారికి చూపించడం, వారు ఎటువంటివారో కనుక్కోవడం, అద్దె అడ్వాన్సు తేల్చి కాగితం రాయించడం. వీటిలో మొదటి పని ఒకప్పుడు నిజంగా కష్టమైనది. కమీషన్ అంతా దానికే వచ్చింది. ఇప్పుడు నాలుగింటిలోకీ చౌకైన పని అదే. మిగిలిన వాటిలో రెండు, అంటే మనిషిని తెలుసుకోవడం, కాగితం సరిగా రాసుకోవడం, ఎవరికి అప్పగించినా చివరికి యజమాని మెడకే చుట్టుకునేవి. కాబట్టి ఇంటికి దగ్గరలో ఉండే యజమానికి బ్రోకర్ అవసరం చాలావరకు తీరిపోయిందని నా అభిప్రాయం. అయితే కమీషన్ మిగుల్చుకోవడం ఈ లెక్కలో చిన్న భాగమే. పెద్ద నష్టం మరోచోట ఉంది. అంకెలు వేసి చూస్తేనే అది కనబడుతుంది.

నెలకు 20,000 రూపాయల అద్దె వచ్చే డబుల్ బెడ్‌రూం ఫ్లాటు తీసుకుందాం. వచ్చినవారు పదకొండు నెలలుండి వెళ్లిపోయారు, ఒక నెల ఖాళీగా ఉంది, కొత్తవారిని కుదిర్చినందుకు యజమాని నెల అద్దె కమీషన్ ఇచ్చాడు అనుకుందాం. ఏడాదికి వచ్చింది 2,20,000, పోయింది 20,000. నెలకు సగటున చేతికి మిగిలింది 16,667 రూపాయలు. అదే యజమాని బ్రోకర్ లేకుండా తానే కుదుర్చుకుంటే సగటు 18,333 అవుతుంది. ఇప్పుడు మరో యజమానిని చూడండి. ఈయన బ్రోకర్‌కి కమీషన్ ఇచ్చాడు, కానీ వచ్చినవారు ముప్ఫై అయిదు నెలలున్నారు, తరువాత ఒక నెల ఖాళీ. ముప్ఫై ఆరు నెలల్లో 7,00,000 వచ్చి 20,000 పోగా నెలసరి సగటు 18,889 రూపాయలు. అంటే కమీషన్ ఇచ్చి కూడా నిలకడైనవారిని పెట్టుకున్న యజమాని, కమీషన్ మిగుల్చుకుని ఏటా మనుషుల్ని మార్చే యజమాని కన్నా మెరుగ్గా ఉన్నాడు. రెండూ సాధించినవాడికి 19,444 వస్తుంది. ఈ నాలుగు అంకెలూ పక్కపక్కన పెడితే ఖాళీ నెల, పదేపదే మార్పు, ఈ రెండే అద్దె రాబడిని తింటున్నాయని తేలుతుంది. బ్రోకర్ ఆదాయం మాత్రం ఆ మార్పు మీదే ఆధారపడి ఉంది. ఇల్లు ఎన్నిసార్లు ఖాళీ అయితే అతనికి అన్నిసార్లు పని. ఇందులో అతని దుర్బుద్ధి ఏమీ లేదు, ఏర్పాటే అలాంటిది. యజమానికి నిలకడ కావాలి, బ్రోకర్‌కి కదలిక కావాలి. ఇద్దరి ప్రయోజనాలూ చెరో దారిలో ఉన్నప్పుడు ఒకరి పనిని మరొకరికి పూర్తిగా అప్పగించడం తెలివైన పని కాదు.

దీనికి వెంటనే వచ్చే సమాధానం, కమీషన్ అద్దెకు వచ్చేవారే ఇస్తున్నారు కదా, మాకేం పోయింది అని. పైకి నిజమే. కానీ వచ్చే కుటుంబం వైపు నుంచి చూడండి. మొదటి నెల అద్దె 20,000, రెండు నెలల అడ్వాన్సు 40,000, కమీషన్ 20,000, సామాన్ల లారీ ఖర్చు వేరు. గడప తొక్కకముందే 80,000 రూపాయలు తీయాలి. ఆ ఇరవై వేలు ఇవ్వనక్కర్లేని పక్కవీధి ఇల్లు దొరికితే వారు అటే వెళతారు, లేదా ఇక్కడ అద్దె తగ్గించమని బేరమాడతారు. ఎవరి చేతి మీదుగా ఇచ్చినా ఆ సొమ్ము ఇంటి విలువలోంచే పోతుంది. పైగా, మనల్ని తెచ్చినందుకు మనమే డబ్బు కట్టాం అన్న చేదు మొదటిరోజే వారి మనసులో పడుతుంది. ఈ అన్యాయాన్ని కొన్ని దేశాలు చట్టంతోనే సరిదిద్దాయి. జర్మనీలో 2015 జూన్ 1 నుంచి ఏజెంటును ఎవరు నియమించుకుంటే వారే ఫీజు కట్టాలన్న నియమం వచ్చింది. అంతకు ముందు చాలా నగరాల్లో అద్దెకు వచ్చేవారు రెండు నెలల అద్దె దాకా, దానిపై పన్నుతో సహా కట్టేవారు. ఇంగ్లండ్‌లో 2019 జూన్ 1 నుంచి అద్దెదారుల దగ్గర ఏజెంట్లు వసూలు చేసే రకరకాల ఫీజులను నిషేధించారు. న్యూయార్క్ నగరంలో ఇటువంటి చట్టమే 2025 జూన్ 11న అమలులోకి వచ్చింది. మన దగ్గర అటువంటి చట్టం లేదు. నియమించుకున్నవారే కట్టాలన్న నియమం ఇక్కడ కూడా ఉండి ఉంటే, ఇంత తేలిగ్గా బ్రోకర్‌కి తాళాలు ఇచ్చే యజమానులు చాలామంది రెండుసార్లు ఆలోచించేవారు.

యజమాని జేబులోంచే కమీషన్ పోయే సందర్భంలో మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అద్దె ఆదాయానికి పన్ను లెక్క కట్టేటప్పుడు, మున్సిపల్ పన్ను తీసేశాక మిగిలినదానిలో 30 శాతం మినహాయింపు అందరికీ ఒకేలా వస్తుంది. మరమ్మతులకు ఎంత పెట్టారు, బ్రోకర్‌కి ఎంత ఇచ్చారు అన్నది ఎవరూ అడగరు. కమీషన్ ఇచ్చామని విడిగా చూపించి తగ్గించుకునే వీలు లేదు. మన నగరాల్లో ఇంటి ధర మీద అద్దె రాబడి మామూలుగా ఏడాదికి మూడు నాలుగు శాతం దగ్గరే తిరుగుతుంది. డెబ్భై లక్షల ఫ్లాటుకు నెలకు 20,000 అద్దె అంటే ఏడాదికి 3.4 శాతం. అంత పలచని రాబడిలోంచి ఏటా పన్నెండో వంతు తీసి ఇవ్వడం చిన్న విషయమేమీ కాదు.

ఇప్పుడు మొదటి పనికి, అంటే తెలియజేయడానికి వద్దాం. మన ఊళ్లలో అన్నిటికన్నా పాత ప్రకటన గేటుకు కట్టే టు-లెట్ బోర్డు. దాని బలం ఇప్పటికీ తగ్గలేదు. పిల్లల బడి, ఆఫీసు, అమ్మగారిల్లు, ఏదో ఒక కారణంతో ఫలానా వీధిలోనే ఇల్లు కావాలనుకునేవారు ఆ వీధిలో నడిచి వెతుకుతారు. అటువంటివారే ఎక్కువకాలం నిలుస్తారు. దాని తరువాత నోటిమాట: ఖాళీ చేసి వెళుతున్నవారి స్నేహితులు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు, కిరాణా కొట్టు, ఇస్త్రీ బండి, వాచ్‌మన్. వాచ్‌మన్‌ని చాలామంది మరిచిపోతారు గానీ, వెతుక్కుంటూ వచ్చినవారు మొదట అడిగేది అతన్నే. కుదిరితే ఇంత ఇస్తామని ముందే చెప్పి, కుదిరాక ఆ మాట నిలబెట్టుకుంటే అతను ఏ వెబ్‌సైటుకూ తీసిపోడు. ఇక ఇంటర్నెట్. 2005లో మొదలైన 99ఏకర్స్, 2014లో బెంగళూరులో పుట్టిన నోబ్రోకర్, ఇటువంటివి బయటి ఊరినుంచి వచ్చే ఉద్యోగులకు దారి చూపిస్తున్నాయి. ఉచితంగా మొదలుపెట్టి తరువాత ప్యాకేజీలు అమ్మజూపడం ఈ సంస్థల పద్ధతి. ఫోన్ నంబరు ఒకసారి పెట్టాక బ్రోకర్ల ఫోన్లే ముందు వస్తాయి. అయినా ఉచిత ప్రకటనతో మొదలుపెట్టి, రెండు వారాల్లో ఫలితం లేకపోతేనే డబ్బు కట్టే సంగతి చూడవచ్చు. అప్పటికీ ఆ ఖర్చు నెల అద్దెలో కొద్ది భాగమే.

ప్రకటన ఎక్కడ పెట్టామన్నదానికన్నా ఏం రాశామన్నది ముఖ్యం. అందమైన ఇల్లు, మంచి వాతావరణం అని రాస్తే ఇరవైమంది వచ్చి చూసి పోతారు. మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, బోరు ఉంది, మూడో అంతస్తు, లిఫ్టు లేదు, ఒక బండికి పార్కింగ్, మెయింటెనెన్స్ నెలకు ఇంత, అది అద్దెకున్నవారే కట్టాలి, తూర్పు గుమ్మం అని రాస్తే అయిదుగురే వస్తారు, వారిలో ఇద్దరు నిజంగా తీసుకోవాలనుకునేవారు ఉంటారు. లోపాన్ని దాచినందువల్ల లాభం లేదు, ఎలాగూ వచ్చిన వారంలోనే బయటపడుతుంది. లిఫ్టు లేదని ముందే తెలిసి వచ్చినవారు ఆ కారణంతో వెళ్లిపోరు. అద్దె అంకె విషయంలో కూడా ఇదే నిజాయితీ అవసరం. 20,000కు పోయే ఇంటిని 21,000 అంటూ ఒక నెల అదనంగా ఖాళీగా ఉంచితే, ఏడాదిలో రెండు నెలలు ఖాళీ పోగా వచ్చేది 2,10,000. మొదటే 20,000కు ఇచ్చి ఉంటే పదకొండు నెలలకు 2,20,000 వచ్చేది.

కాలం సంగతి బ్రోకర్లకు బాగా తెలుసు, యజమానులు పట్టించుకోరు. మన కుటుంబాలు ఇల్లు మారేది బడి సెలవుల్లో, జూన్‌లో బడులు తెరవకముందు. ఆషాఢంలో, పుష్యంలో చాలామంది ఇల్లు మారరు. కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి మంచిరోజు చూసుకునేవారు శ్రావణం దాకా ఆగుతారు. శ్రావణం మొదట్లో చేరినవారికి పదకొండు నెలల గడువు రాస్తే అది ముగిసేది సరిగ్గా ఆషాఢంలో. ఆ నెల ఇల్లు ఖాళీగా పడి ఉండటానికి యజమానే కాగితం మీద ముహూర్తం పెట్టినట్టు అవుతుంది. మొదటి గడువును పది నెలలకో పదమూడు నెలలకో రాసుకుంటే ఆ ఖాళీ రాదు. వేసవిలో ఖాళీ అయ్యేలా గడువులు సర్దుకున్న ఇంటికి బ్రోకర్ అవసరం సగం తగ్గుతుంది. ఖాళీ చేసేవారు రెండు నెలల ముందు చెప్పాలని, ఆఖరి నెలలో ఇల్లు చూడవచ్చినవారికి వేళ చూసి చూపించాలని మొదటే ఒప్పుకుంటే మిగతా సగమూ తగ్గుతుంది.

సొంతంగా ప్రకటన ఇచ్చేవారు ఒక మోసం గురించి తప్పక తెలుసుకోవాలి. సైన్యంలో లేదా కేంద్ర బలగాల్లో ఉద్యోగినని, బదిలీ మీద వస్తున్నానని, ఇల్లు చూడకుండానే అడ్వాన్సు పంపుతానని ఫోన్ వస్తుంది. గుర్తింపు కార్డు ఫొటోలు పంపుతారు. తరువాత క్యూఆర్ కోడ్ పంపి, దాన్ని స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు మీ ఖాతాలో పడుతుందంటారు. యూపీఐలో డబ్బు పంపడానికే పిన్ కావాలి, తీసుకోవడానికి అక్కర్లేదు. ఈ ఒక్క సంగతి ఇంట్లో పెద్దవాళ్లందరికీ తెలిసి ఉంటే చాలు. పొరపాటు జరిగితే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి. బ్రోకర్ ఉంటే ఈ ప్రమాదం తగ్గుతుందన్నది నిజమే. కానీ ఇల్లు చూడనివారి దగ్గర పైసా తీసుకోకూడదన్న నియమం పెట్టుకుంటే ఆ రక్షణ ఉచితంగానే దొరుకుతుంది.

బ్రోకర్‌ని సమర్థించేవారి బలమైన వాదన, అతను మంచివారిని ఏరి తెస్తాడు అన్నది. ఇక్కడే జాగ్రత్తగా ఆలోచించాలి. తాను తెచ్చినవారు అద్దె కట్టకపోతే బ్రోకర్ తన జేబులోంచి కట్టడు, తీసుకున్న కమీషన్ తిరిగివ్వడు. తప్పు జరిగితే తనకేమీ పోని మనిషి చేసే వడపోతకు ఎంత విలువ ఇవ్వగలం? ఎక్కడ పని చేస్తున్నారు, ఇంట్లో ఎందరు, ఇప్పుడున్న ఇల్లు ఎందుకు వదులుతున్నారు అన్న మూడు ప్రశ్నలు యజమానే ఎదురుగా కూర్చుని అడిగితే తెలిసేది ఎక్కువ. అన్నిటికన్నా విలువైనది అంతకుముందు వారున్న ఇంటి యజమానితో అయిదు నిమిషాల మాట. అద్దె ఏ తేదీకి వచ్చేది, ఖాళీ చేసేటప్పుడు గొడవ ఏమైనా అయిందా అని అడిగితే, అద్దె ఇళ్లు ఇచ్చే మనుషులు ఒకరికొకరు అబద్ధం చెప్పుకోవడం అరుదు. ఉద్యోగం గుర్తింపు కార్డు, ఆధార్ నకలు తీసుకోవాలి. ఆధార్‌లో మొదటి ఎనిమిది అంకెలు మరుగుపరచిన నకలు సరిపోతుంది, పూర్తి నంబరు దాచుకునే బాధ్యత మనకెందుకు. హైదరాబాద్ పోలీసుల హాక్ ఐ యాప్‌లో అద్దెకు దిగినవారి వివరాలు నమోదు చేసే ఏర్పాటు ఉంచారు. ఇదంతా రెండు సాయంత్రాల పని.

వడపోత మాట వచ్చింది కాబట్టి మన బోర్డుల మీద రాతల గురించి కూడా చెప్పాలి. శాకాహారులకు మాత్రమే, ఫ్యామిలీలకు మాత్రమే, బ్యాచిలర్లకు ఇవ్వబడదు అన్న మాటలు మనకు అలవాటైపోయాయి. బోర్డు మీద రాయని మాట మరొకటుంది, కులమూ మతమూ అడిగి కాదనడం. బ్రోకర్ లేకుండా నోటిమాటతో ఇళ్లిస్తే ఈ వివక్ష ఇంకా పెరుగుతుంది, మనవాళ్లు మనవాళ్లకే ఇచ్చుకుంటారు అన్న ఆక్షేపణ ఉంది. ఇది తేలిగ్గా తోసిపుచ్చదగినది కాదు. బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఇల్లు బంధువులకే పోతుంది. అయితే బ్రోకర్ ఈ రోగానికి మందు కాలేదు. యజమాని నోటితో చెప్పడానికి సిగ్గుపడే షరతును అతను ముందుగానే కనుక్కుని, ఆ కుటుంబాన్ని ఆ వీధికే తీసుకురాడు. కాదన్న మాట వినబడకుండానే కాదనడం జరిగిపోతుంది. ఎదురుపడి అడిగిన మనిషిని కులం పేరుతో తిప్పి పంపడం కొంచెమైనా కష్టం. ఆ కష్టం ఉండాలి. లాభం లెక్కలో చూసినా, వేళకు అద్దె కట్టే నర్సునో, ఉద్యోగం చేసుకుంటూ ఒంటరిగా ఉండే అమ్మాయినో, మాంసం వండుకునే కుటుంబాన్నో తిప్పి పంపి ఇంటిని ఖాళీగా పెట్టుకున్న యజమాని నెలకు 20,000 రూపాయలు పెట్టి తన దురభిప్రాయాన్ని పోషిస్తున్నాడు.

కాగితం విషయంలో మన దగ్గర ఒక పెద్ద అపోహ పాతుకుపోయింది. పదకొండు నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్నది దేశమంతటా చెప్పుకునే మాట. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఏడాదికి మించిన లీజులనే తప్పనిసరిగా రిజిస్టర్ చేయాలి కాబట్టి ఆ మాట పుట్టింది. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో ఆ సెక్షన్‌ను సవరించి, కాలపరిమితి మాట తీసేసి, స్థిరాస్తి లీజులన్నిటికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. అంటే తెలుగు నేల మీద పదకొండు నెలల కిటుకుకు చట్టంలో ఆధారం పోయి పాతికేళ్లు దాటింది. స్టాంపు కాగితం మీద రాసి సంతకాలు చేసుకున్న ఒప్పందం దండగని కాదు. ఎవరు ఎవరికి ఇల్లిచ్చారు, ఎంత ఇచ్చిపుచ్చుకున్నారు అన్నదానికి అది గుర్తుగా పనికొస్తుంది. వివాదం కోర్టుకు వెళితే మాత్రం అందులోని షరతులను రుజువు చేసుకోవడం కష్టమవుతుంది. అద్దె బ్రోకర్ తెచ్చే అచ్చు ఫారం ఈ మాట చెప్పదు. నెల అద్దె కమీషన్‌గా ఇచ్చి, దానికన్నా ఎంతో తక్కువ ఖర్చయ్యే రిజిస్ట్రేషన్‌ను వదిలేయడం మన యజమానులు నిత్యం చేసే పొరపాటు.

చట్టాల సంగతి ఇంకొక్కమాట. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం పేరు చెప్పి, అద్దెకిస్తే ఇల్లు పోతుందని భయపడేవారు ఇంకా ఉన్నారు. 2005 సవరణ తరువాత మున్సిపల్ కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దె ఇళ్లకు ఆ చట్టం వర్తించదు. నగరాల్లో ఇప్పుడు అద్దెకిచ్చే ఫ్లాట్లు దాదాపు అన్నీ దాని బయటే ఉన్నాయి. తెలంగాణలో వాటికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే దిక్కు. నెలనెలా నడిచే అద్దెను ముగించడానికి అది పదిహేను రోజుల నోటీసు చాలంటుంది. నోటీసు ఇవ్వడం సులువు, సివిల్ కోర్టులో తేలడమే ఆలస్యం. ఆ ఆలస్యాన్ని తగ్గించాలనే 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి, నివాసాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదు, గడువు దాటినా ఖాళీ చేయనివారు మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆపైన నాలుగు రెట్లు అద్దె కట్టాలి, వివాదాలకు విడిగా అద్దె అధికారి, అద్దె కోర్టు ఉండాలి అన్నవి అందులో ముఖ్యమైనవి. ఆంధ్రప్రదేశ్ 2017లోనే తన కొత్త అద్దె చట్టం చేసుకుంది. 2011 జనాభా లెక్కల్లో దేశంలోని పట్టణాల్లో కోటీ పది లక్షలకు పైగా ఇళ్లు ఖాళీగా తేలాయి. అదే లెక్కలో పట్టణ కుటుంబాల్లో 27.5 శాతం అద్దె ఇళ్లలో ఉన్నాయి. ఇళ్లు లేక వెతికేవారు ఒకవైపు, ఇచ్చే ధైర్యం లేక తాళం వేసుకున్నవారు మరోవైపు. ఆ భయం మీదే మధ్యవర్తి బేరం నిలబడి ఉంది. ఒప్పందాన్ని ఇంటినుంచే తక్కువ ఖర్చుతో రిజిస్టర్ చేసుకునే వీలు, వివాదం నెలల్లో తేలే ఏర్పాటు ప్రభుత్వాలు కల్పిస్తే, కమీషన్‌కి హద్దు పెట్టే చట్టం కన్నా అది యజమానికి ఎక్కువ మేలు చేస్తుంది.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి మణికొండలో ఫ్లాటు కొన్నవారి సంగతి వేరు. వారికి తాళం తెరిచి చూపించే మనిషి కావాలి. కొళాయి పాడైతే వెళ్లి చూసే మనిషి కావాలి. ఇక్కడ మధ్యవర్తి అవసరం నిజమైనది. ఒంటరిగా ఉండే పెద్దవయసువారికి అపరిచితుల్ని ఇంట్లోకి రానివ్వడం క్షేమం కాదన్న మాట కూడా నిజమే. అయితే వీరికి కావలసింది ఏడాది పొడవునా చేసే పని. కమీషన్ ఇచ్చేది మొదటిరోజు పనికి. ప్రవాసులు విడిగా తెలుసుకోవలసినది ఇంకొకటుంది. ప్రవాస యజమానికి అద్దె కట్టేవారు ప్రతినెలా 30 శాతం, సెస్‌తో కలిపి 31.2 శాతం పన్ను కోసి ప్రభుత్వానికి జమచేయాలి. ఇల్లు కుదిర్చే హడావిడిలో ఈ మాట చెప్పేవారు అరుదు. తరువాత ఇబ్బంది పడేది అద్దెకున్న కుటుంబం. యజమాని ముందే చెప్పి, తక్కువ కోతకు ఆదాయపు పన్ను శాఖ ధ్రువపత్రం తెచ్చుకుంటే ఇద్దరికీ మేలు.

బ్రోకర్ల బతుకు ఏమవుతుంది అన్న ప్రశ్న న్యాయమైనది. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో ఎండలో బండి మీద తిరుగుతూ పది ఇళ్లు చూపిస్తే ఒకటి కుదిరేవారిలో ఎక్కువమంది చిన్న సంపాదనపరులే. పది ఇళ్లు చూపించిన శ్రమకు ఒక్క ఇంటి దగ్గరే వసూలు చేసుకోవలసి రావడం వల్లే కమీషన్ అంత పెద్దదవుతోంది. నిజంగా చేసిన పనికి డబ్బిచ్చే పద్ధతి వారికీ మంచిదే. ఇల్లు చూపించిన ప్రతిసారీ ఇంత, కాగితం రిజిస్ట్రేషన్ దాకా తీసుకువెళితే ఇంత, ప్రవాసుల ఇంటిని నెలనెలా చూసుకుంటే నెలకు ఇంత, ఇలా ముందే మాట్లాడుకోవచ్చు. తెచ్చినవారు ఆరు నెలల్లోపు వెళ్లిపోతే సగం తిరిగివ్వాలన్న షరతు కూడా న్యాయమైనదే. అప్పుడు నిలకడైనవారిని తేవడంలో బ్రోకర్‌కీ ప్రయోజనం ఉంటుంది.

ఇవన్నీ చేసినా, మొదట వేసిన లెక్క దగ్గరికే తిరిగి రావాలి. ఇంట్లో ఇప్పుడున్నవారు మరో ఏడాది ఉంటే ప్రకటన ఖర్చు, ఖాళీ నెల, కొత్త రంగులు, కమీషన్ అన్నీ ఒకేసారి మిగులుతాయి. కారుతున్న కొళాయి అదే వారంలో బాగుచేయించడం, అద్దె పెంపు ఎంతో మొదటే కాగితం మీద రాసుకుని అంతకు మించి అడగకపోవడం, వెళ్లేవారికి అడ్వాన్సు ఏయే పద్దు కింద ఎంత తగ్గించామో రాసిచ్చి మిగతాది తాళాలిచ్చిన రోజే చేతిలో పెట్టడం, ఇవి ఖర్చుల్లా కనిపిస్తాయి గానీ, ఇంటికి మంచిపేరు తెచ్చేవి ఇవే. పేరు పోయిన ఇంటికే ప్రతిసారీ బ్రోకర్ కావలసి వస్తాడు. ఈ వేసవికి మీ ఇంటి గడువు ముగుస్తుంటే, బోర్డు రాయించకముందే, ఎవరి నంబరూ వెతకకముందే, అద్దెకున్నవారిని పిలిచి ఒక మాట అడగండి: ఇంకో ఏడాది ఉండటానికి ఈ ఇంట్లో ఏం బాగుచేయించమంటారు?